పదేళ్ల వాడకం తర్వాత 'కాల్ ది షాట్స్'

'కాల్ ది షాట్స్' అనే ఇంగ్లిష్ పలుకుబడిని పట్టుకుని పదేళ్లు దాటింది. మెయిళ్లలో రాశాను, మీటింగుల్లో విసిరాను, అనువాదాల్లో దానితో కుస్తీ పట్టాను. అర్థం ఒక్క ముక్కలో అయిపోతుంది: ఏది ఎప్పుడు ఎలా జరగాలో ఎవరి మాట మీద తేలుతుందో, షాట్స్ కాల్ చేసేది వాళ్లే. చిక్కంతా వాడకంలోనే.

చాలాకాలం ఇది సినిమా మాట అనుకున్నాను. షాట్ అనగానే మనకి కెమెరానే కదా గుర్తొచ్చేది! డైరెక్టరు చెప్పినట్టు అందరూ నడుచుకుంటారు కాబట్టి అర్థం కూడా అతికినట్టు సరిపోయింది. కానీ ఈ షాట్ గురి చూసి కొట్టే దెబ్బ. తుపాకీ సాధన చేసేవాళ్లు ట్రిగ్గర్ నొక్కాక, టార్గెట్‌ని పరీక్షించకముందే గుండు ఎక్కడ తగిలి ఉంటుందో చెప్తారు. బిలియర్డ్స్‌లాగా బల్ల మీద కర్రతో ఆడే పూల్ ఆటలోనూ ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తున్నారో ముందే ప్రకటించి కొట్టే పద్ధతి ఉంది. పక్క పాకెట్‌లో పడితే అది లెక్కలోకి రాదు, వంతు అవతలివాళ్లకి పోతుంది. మనం 'చెప్పి మరీ కొట్టాడు' అంటామే, అదే.

బేస్‌బాల్‌లో ఇలాంటిదే ఒక దెబ్బ చరిత్రకెక్కింది. 1932 అక్టోబరు 1న షికాగోలో, అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్ అయిన వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో, పేరుమోసిన ఆటగాడు బేబ్ రూత్ చెయ్యి చూపించి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. ఆ చెయ్యి బంతి వెళ్లి పడిన సెంటర్ ఫీల్డ్ వైపు, అంటే తనకి ఎదురుగా మైదానం చివరికి చూపించిందా, గేలి చేస్తున్న ప్రత్యర్థుల వైపా అన్న వాదన ఇంకా తెగలేదు. దాన్ని 'కాల్డ్ షాట్' అంటారు. అది ఒక్క దెబ్బ కాబట్టి ఏకవచనం. పెత్తనం అర్థంలో మాత్రం 'షాట్స్' అని బహువచనమే, ముందు 'ది' ఉండాల్సిందే. ఆ 'ది'ని నేను ఎన్ని మెయిళ్లలో మింగేశానో లెక్కలేదు.

అసలు దెబ్బ తగిలింది వేరే చోట. కొత్తగా ఒక పని నా చేతికొచ్చినప్పుడు, 'ఇక దీని సంగతి నేను చూసుకుంటాను' అనే ఉద్దేశంతో 'ఐ విల్ కాల్ ది షాట్స్' అని అందరికీ మెయిల్ పెట్టాను. సీనియర్ ఒకాయన నా కుర్చీ దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగారు: "ఏమయ్యా, బాధ్యత తీసుకున్నావా, పెత్తనం తీసుకున్నావా?" నాకు నోట మాట రాలేదు. ఈ పలుకుబడిలో చాకిరీ లేదు, ఆజ్ఞ ఒక్కటే ఉంది. అప్పటినుంచి 'ఐ'తో దాన్ని ముడిపెట్టలేదు. ఎదుటివాళ్లకి నిర్ణయం వదిలేయాలన్నా 'యూ కాల్ ది షాట్స్' అనను, వెటకారంగా వినిపించే ప్రమాదముంది. 'ఇట్స్ యువర్ కాల్' అంటే చాలు, అది ఆ ఒక్క నిర్ణయం వరకే.

'డ్రైవర్స్ సీట్'లో ఉండటం దీనికి దగ్గరి చుట్టం (బ్రిటిష్‌వాళ్లకి 'డ్రైవింగ్ సీట్'). అయితే పరిస్థితి కలిసొచ్చినా ఆ సీటు దక్కుతుంది. కొనేవాళ్లు తక్కువై అమ్మేవాళ్లు ఎక్కువైతే కొనేవాళ్లు నోరు మెదపకుండానే అందులో కూర్చుంటారు. షాట్స్ కాల్ చేయాలంటే నా లెక్కలో నోరు విప్పే మనిషి ఒకరుండాలి.

తెలుగు చేసేటప్పుడు ఇంకో తంటా. 'మేనేజర్ ఆయనే, షాట్స్ కాల్ చేసేది డిప్యూటీ' అన్న వాక్యానికి మొదట 'నిర్ణయాలు తీసుకునేది' అని రాశాను. చప్పగా ఉంది. 'డిప్యూటీ చెప్పిందే వేదం' అంటే భయభక్తులు వచ్చిపడ్డాయి. చివరికి 'పేరుకి ఆయన మేనేజరు, చక్రం తిప్పేది డిప్యూటీ' అన్నాక ప్రాణం లేచొచ్చింది. కానీ చక్రం తెర వెనకే తిరుగుతుంది. అందరికీ తెలిసి, దర్జాగా ఆజ్ఞలిచ్చేవాళ్ల గురించైతే 'పెత్తనమంతా ఆవిడదే' అనడమే మేలు.

ఈ పలుకుబడికి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ మెయిల్ గుర్తుకే. ఇప్పుడు ఎక్కువగా ప్రశ్నగానే వాడతాను. కొత్త టీమ్‌లో అడుగుపెట్టిన వారానికి, ఎవరైనా నమ్మకస్తులు దొరికితే గొంతు తగ్గించి అడుగుతాను, ఇక్కడ షాట్స్ కాల్ చేసేది ఎవరని. ఇంతవరకు హోదా చెప్పి జవాబిచ్చినవాళ్లు లేరు. అందరూ ఎవరో ఒకరి కుర్చీ వైపు కళ్లతో చూపించినవాళ్లే.