దీర్ఘకాల అజీర్ణానికి చైనా మందు: బావో హ వానా, ల్యూ జున్ జి తాంగా?

తిన్నది అరగడం లేదంటే చైనాలో డాక్టరు చీటీ లేకుండానే దొరికే మాత్ర బావో హ వాన్. మంచి మందే. కానీ నెలల తరబడి ఉబ్బరంతో, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయి బాధపడేవాళ్లు దాన్నే మింగుతూ ఉండటం సరైన పని కాదు. అలాంటివాళ్లకు ల్యూ జున్ జి తాంగ్ కషాయమే మేలని నా అభిప్రాయం.

బావో హ వాన్ 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ పేరు మీద వస్తోంది. అందులో ముఖ్యమైనది షాన్‌జా. బీజింగ్ వీధుల్లో పుల్లకు గుచ్చి, చక్కెర పాకం పట్టి అమ్మే ఎర్రటి పుల్లని పండు అదే. మాంసం, కొవ్వు అరగడానికి అది, పిండివంటలు అరగడానికి ముల్లంగి గింజలు, మద్యం తెచ్చే ఇబ్బందికి షెన్‌చూ అనే పులియబెట్టిన పిండి ముద్ద. అంటే విందులో ఎక్కువ తిని, పుల్లటి తేన్పులు వస్తున్నప్పుడు వాడాల్సిన మందు. కొద్ది రోజులు చాలు.

ల్యూ జున్ జి లెక్క వేరు. జిన్‌సెంగ్ లేదా దాని బదులు చవకగా దొరికే డాంగ్‌షెన్ వేరు, బైజు అనే దుంపవేరు, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి దినుసు, అతిమధురం, ఎండిన కమలా తొక్క, శుద్ధి చేసిన బాన్‌షియా దుంప ఇందులో ఉంటాయి. కడుపులో మిగిలినదాన్ని బయటికి నెట్టడం కంటే, అరిగించుకునే శక్తిని మళ్లీ తెప్పించడం దీని పని. వైద్యుడు ముందు నాలుక చూస్తాడు. మందంగా జిడ్డు పాచి ఉంటే బావో హ వైపు, పాలిపోయి అంచుల్లో పళ్ల గుర్తులు పడి ఉంటే ల్యూ జున్ జి వైపు మొగ్గుతాడు. గ్యాస్ మరీ ఎక్కువైతే ల్యూ జున్ జిలో ఇంకో రెండు దినుసులు కలుపుతారు: ఏలకుల జాతి షారెన్, ఇంకా మూషియాంగ్. ఈ మూషియాంగ్ మన ఆయుర్వేదానికీ తెలిసిన హిమాలయాల చెంగల్వకోష్టే.

బావో హ, ల్యూ జున్ జి రెండూ కలిపి వేసుకుంటే త్వరగా తగ్గుతుందని మాత్రం అనుకోకండి. జిన్‌సెంగ్ ఇచ్చే బలాన్ని ముల్లంగి గింజ చెదరగొడుతుందని చైనా వైద్యంలో పాత కట్టుబాటు.

ఆధారాల్లోనూ ల్యూ జున్ జిదే పైచేయి. దానికి అల్లం, రేగుపండు చేర్చిన జపాన్ రూపం రిక్కున్‌షితోను అక్కడి డాక్టర్లు ఆరోగ్య బీమా కిందే రాస్తారు. దాని మీద డమ్మీ మందుతో పోల్చిన ట్రయల్స్ కూడా జరిగాయి. ఫలితం అద్భుతమేమీ కాదు, కొంత మేలు కనిపించింది.

మట్టికుండలో నానబెట్టి కాచిన కషాయంలో వైద్యుడు మనిషిని బట్టి పాళ్లు మార్చగలడు. ఆఫీసుకు పరుగెత్తేవాళ్లకు వేడినీళ్లలో కలిపే గ్రాన్యూల్స్ నయం.

ఏదైనా మొదలుపెట్టే ముందు హెలికోబ్యాక్టర్ పైలోరీ పరీక్ష చేయించుకోండి. యూరియా మందు మింగి, కాసేపాగి గొట్టంలోకి ఊదితే చాలు. ఆ క్రిమి ఉంటే ముందు యాంటీబయాటిక్స్ కోర్సు వాడాలి. బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, మింగడం కష్టమైనా కషాయం పక్కనపెట్టి ఎండోస్కోపీకి వెళ్లాలి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు. పచ్చి బాన్‌షియా విషం, నోరూ గొంతూ వాచిపోతాయి. విడిగా దినుసులు కొని ఇంట్లో కలుపుకునే ప్రయత్నం అసలు చేయకండి.