మొక్కల ఎండ కొలవడానికి మామూలు లక్స్ మీటర్ చాలా?

చేతిలో డిస్‌ప్లే, వైరు చివర తెల్లటి బుడిపె ఉన్న సెన్సార్. ఈ రకం మీటర్ ఎండ కొలవడానికి నిక్షేపంగా పనికొస్తుంది. మొక్కలు పెంచడానికి పెట్టే ఊదారంగు గ్రో లైట్ల కింద మాత్రం దీని అంకెను అసలు నమ్మొద్దు.

లక్స్ అనేది మనిషి కంటి లెక్క. 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ వెలుగుకు పెద్దపీట వేస్తుంది, ఎరుపు నీలాలను చిన్నచూపు చూస్తుంది. మొక్క 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అన్ని రంగులనూ వాడుకుంటుంది. అందుకే ఎరుపు-నీలం ఎల్‌ఈడీ కింద రీడింగ్ బాగా తక్కువ వస్తుంది. చాలట్లేదనుకుని లైటు కిందికి దించితే ఆకులు పాలిపోతాయి. దట్టమైన చెట్టు నీడలో దీనికి తలకిందులు: ఆకుల్లోంచి వడపోతై వచ్చే వెలుగులో, కంటికి కనిపించేదాంట్లో ఆకుపచ్చ వాటాయే ఎక్కువ కాబట్టి మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఎండ రీడింగ్‌ను 54తో భాగిస్తే పీపీఎఫ్‌డీ, అంటే మొక్కకు పనికొచ్చే కాంతి కణాలు చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో వస్తుంది. 1,08,000 లక్స్ మిట్టమధ్యాహ్నపు ఎండ 2,000 అన్నమాట. తెల్ల ఫ్లోరసెంట్ ట్యూబుకు 74తో, సోడియం దీపానికి 82తో భాగించాలి.

అసలు కావలసింది చదరపు మీటరుకు రోజు మొత్తంలో ఎన్ని మోల్స్ పడ్డాయన్న లెక్క, డీఎల్‌ఐ. గంటకోసారి లక్స్ రాసుకుని, అన్నీ కూడి, 15,000తో భాగించండి. ఇది ఎండకు మాత్రమే. పది గంటలు సగటున 15,000 పడే చోట 10 మోల్స్ వస్తుంది. లెట్యూస్‌కు 12 నుంచి 17 ఉంటే బాగుంటుంది కాబట్టి అక్కడ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. టమాటాకు 20 దాటాలి, ఆ చోట పెట్టడం దండగ. మధ్యాహ్నం ఒక్క రీడింగ్ తీసి రోజంతా అంతే అనుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది.

సెన్సార్‌ను ఆకుల ఎత్తులో, ఆకాశం వైపు బల్లపరుపుగా ఉంచాలి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అటు తిప్పి పట్టుకుంటే నేరుగా పడే ఎండ రెట్టింపు కనిపిస్తుంది. మీ నీడ దానిమీద పడకూడదు. తెరపై ఎడమ పక్కన 1 ఒక్కటే నిలిస్తే రేంజ్ దాటిందని అర్థం. పెద్ద రేంజ్‌లో కొన్ని మోడళ్ల అంకెను 10తోనో 100తోనో గుణించాలి, చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కొనేటప్పుడు 2,00,000 దాకా చూపేదే తీసుకోండి. 50,000 దగ్గర ఆగేది ఎండలో చేతులెత్తేస్తుంది.

ఫోన్ యాప్? ఫోన్‌లో వెలుతురు సెన్సార్ పెట్టింది స్క్రీన్ వెలుతురు సర్దడానికి. ఏ కిటికీ మెరుగో పోల్చుకోవడానికైతే సరే.