తిరుపతిలో 'ఇంట్లోనే టెన్త్' ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్త

దర్శనానికి వచ్చే చుట్టాలకు నేను ముందు చెప్పే మాట ఒకటే. బ్రోకర్ల చేతిలో రూపాయి పెట్టబాకండి, టీటీడీ వెబ్‌సైట్‌లో మీరే బుక్ చేసుకోండి అని. పెళ్లయినప్పట్నుంచీ తిరుపతిలోనే ఉన్నాను, బస్టాండు దగ్గర ఎవడు ఏం అమ్ముతాడో చూస్తే తెలిసిపోతుంది. అంత తెలిసినదాన్ని, మావాడి పదో తరగతికి మాత్రం నా కాళ్లతో నేనే బ్రోకర్ దగ్గరికి నడిచివెళ్లి 48,000 పోసి వచ్చాను.

వాణ్ని హాస్టల్ నుంచి ఎందుకు తీసుకొచ్చేశామో ఎక్కువ చెప్పను. తొమ్మిదో తరగతిలో నిద్ర లేదు, తిండి లేదు, మనిషి సగమయ్యాడు. ఇంట్లోనే చదివిద్దాం అనుకున్నాం. లెక్కలు వాళ్ల నాన్న, మిగతావి నేను. ఆ మాటకొస్తే హాస్టల్లో కంటే చదువు బాగానే సాగింది. మాకు తెలియనిదల్లా పరీక్ష ఎవరు పెడతారు, సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్నదే. "బడికి పోనోడికి మెమో యాడ్నుంచి వస్తుందమ్మా" అని మా అత్త రోజుకోసారి అడిగేది. ఆ దిగుల్లో ఉండగా ఫోన్‌లో ప్రకటన కనపడింది. ఇంట్లోనే టెన్త్, గుర్తింపు పొందిన నేషనల్ ఓపెన్ బోర్డు, నూటికి నూరు శాతం పాస్.

జూన్‌లో ఆఫీసుకు వెళ్లాం. ఏసీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు, టై కట్టుకున్న ఆయన. గంగమ్మ జాతరలో జనం రోజుకో వేషం కడతారు, అది మొక్కు. ఈయన దొర వేషం ఏడాది పొడుగునా విప్పడు. "మేడం, మీరేం దిగులు పడబాకండి, అంతా మేం చూసుకుంటాం" అన్నాడు. బడికి పోకుండానే పది రాయించే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ గురించి నేను కొంచెం విని ఉన్నాను కాబట్టి అదేనా అని అడిగాను. "అదే మేడం, దానికంటే మంచిది" అన్నాడు. అదే అయితే దానికంటే మంచిది ఎట్లా అవుతుంది? ఆ మాట నాకు ఇంటికొచ్చాక కూడా తట్టలేదు. ఎన్ఐఓఎస్‌లో చదివితే రేపు నీట్ రాయనివ్వరని కూడా భయపెట్టాడు. అది పాత కథ. ఓపెన్ స్కూల్ పిల్లలకు అడ్డుగా ఉన్న ఆ నిబంధన ఇప్పుడు లేదు, 2024లో సుప్రీంకోర్టులోనూ ఆ సంగతి తేలిపోయింది.

ఇంకో మాట సిగ్గు విడిచి చెప్తాను. అసైన్‌మెంట్లు కూడా మేమే రాసి పెడతాం అన్నప్పుడు నాకు లోపల హాయిగానే అనిపించింది. ఎన్ఐఓఎస్‌లో వాటిని టీఎంఏ అంటారు, 20 శాతం మార్కులు వాటికే. పిల్లవాడు రాయాల్సింది ఇంకొకడు రాస్తానంటే లేచి వచ్చేయాల్సింది పోయి, ఫోన్‌పేలో 20,000 కొట్టాను. మిగతాది రెండు విడతల్లో. రసీదు మీద 'కౌన్సెలింగ్ చార్జీలు' అని ఉంది, అడ్మిషన్ అన్న మాటే లేదు. ఒరిజినల్ టీసీ కూడా తీసుకున్నారు.

పుస్తకాలంటూ ఒక సంచి ఇచ్చారు. అట్ట మార్చిన ఎన్ఐఓఎస్ పుస్తకాల జెరాక్సులు అవి. ఆ పాఠాలే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, అడ్మిషన్ తీసుకున్నవాళ్లకు పుస్తకాలు అక్కడినుంచే వస్తాయి. ఆ సంగతి మాకు నవంబర్లో తెలిసింది.

అనుమానం పుట్టింది పరీక్ష దగ్గర. ఎన్ఐఓఎస్ పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. వీళ్లేమో డిసెంబర్ అన్నారు. సెంటర్ ఎక్కడ అంటే, "సెంటర్‌తో పనేముంది మేడం, పేపర్ ఇంటికే పంపుతాం, రాసి ఇచ్చేయండి" అన్నారు. అది విని మావాడే నవ్వాడు. "అమ్మా, పుస్తకం చూసి రాయొచ్చా అని కూడా అడుగు" అన్నాడు. ఆ రాత్రి వాళ్లిచ్చిన ఐడీ కార్డు తీసి అక్షరం అక్షరం చదివాను. నేషనల్ ఉంది, ఓపెన్ ఉంది, బోర్డు ఉంది, అశోక స్తంభం లాంటి బొమ్మ కూడా ఉంది. ఎన్ఐఓఎస్ మాత్రం కాదు. కార్డు మీదున్న నంబర్ కొడితే ఆ బోర్డు సొంత వెబ్‌సైట్‌లో మావాడి పేరు చక్కగా కనపడుతుంది. అందుకే వాళ్ల సైట్‌లో పేరు చూసి ఎవరూ నమ్మొద్దు. దేశంలోని స్కూల్ బోర్డుల మండలి ఒకటుంది, కాబ్సే అంటారు. దాని జాబితాలో ఈ బోర్డు లేదు.

మనకు ఉన్న అసలు దారులు రెండు. కేంద్ర ప్రభుత్వం కిందున్న ఎన్ఐఓఎస్ ఒకటి, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ ఇంకొకటి. ఎన్ఐఓఎస్‌లో పదికి 14 ఏళ్లు నిండితే చాలు, తెలుగు మీడియం కూడా ఉంది. నేను నవంబర్లో ఒక ఆదివారం రాత్రి అన్నం తిన్నాక కూర్చుని వాళ్ల అసలు వెబ్‌సైట్‌లోనే అడ్మిషన్ చేశాను. ఆధార్, ఫోటో, సంతకం, పాత మార్కుల కాగితం స్కాన్ చేసి పెట్టడం, దగ్గర్లో స్టడీ సెంటర్ ఎంచుకోవడం. 5 సబ్జెక్టులకు అడ్మిషన్ ఫీజు రెండు వేలు కూడా కాలేదు, పరీక్ష ఫీజు సబ్జెక్టు లెక్కన తర్వాత కట్టాలి. దీనికా 48,000 పోసింది అన్న కోపంతో వాళ్ల నాన్న ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

డబ్బు కంటే కాలం పోయిందన్న బాధ ఎక్కువ. జూన్‌లో నిజంగా చేర్చి ఉంటే వాడు ఏప్రిల్‌లో రాసేవాడు. నవంబర్లో చేరినవాళ్లకు మరుసటి ఏడాది అక్టోబర్ పరీక్షే. అంటే జూన్‌లో ఇంటర్ చేరే పిల్లలతో కలవలేడు.

వీళ్ల ప్రకటనల్లో 'పది, ఇంటర్ రెండూ ఒకే ఏడాదిలో' అని చూస్తే అక్కడే ఆగండి. ఎన్ఐఓఎస్‌లో పది పాసయ్యాక రెండేళ్లు నిండితేగాని పన్నెండో తరగతి సర్టిఫికెట్ రాదు. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఉంటే, ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడిగి తీసుకుని అసలు సైట్‌లో మీ చేత్తో మీరే చూడండి. లాగిన్ పాస్‌వర్డ్ ఇవ్వం అంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాను. ఆ తర్వాతే ఆఫీసు వాళ్లు దిగొచ్చి 15,000 వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. 5 లక్షల లోపు సొమ్ముకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఫోన్‌పే చెల్లింపులూ, ఆయన వాయిస్ మెసేజీలూ అన్నీ దాచిపెట్టాను, మీరూ చెరపబాకండి.

టీసీ మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా అత్త కూడా వస్తానంటోంది.