ఇమిగ్రేషన్ కేసు ఆగిపోతే: కాంగ్రెస్ సభ్యుడికా, సెనేటర్‌కా?

అమెరికాలో ఈఏడీ (ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) దరఖాస్తు నెలల తరబడి కదలకపోతే మీ కాంగ్రెస్ సభ్యుడికి (అంటే ప్రతినిధుల సభ సభ్యుడికి) గానీ, సెనేటర్‌కి గానీ సాయం చేయమని రాయొచ్చు, సిటిజన్ కానక్కర్లేదు, వాళ్ల పరిధిలో ఉంటే చాలు. నా ఓటు మాత్రం ముందు కాంగ్రెస్ సభ్యుడికే. టెక్సాస్‌నే చూడండి, 3 కోట్ల మంది జనానికి సెనేటర్లు ఇద్దరే, అదే ప్రతినిధుల సభకైతే 38 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఒక సభ్యుడు. లోకల్ ఆఫీసులో ఇమిగ్రేషన్ కేసులు చూసే మనిషి ఉంటే ఫోన్‌లోనే మాట్లాడొచ్చు.

సెనేటర్ ఆఫీసు పనికిరాదని కాదు, కాంగ్రెస్ సభ్యుడి దగ్గర జవాబు రాకపోతే అప్పుడు సెనేటర్ దగ్గరికి వెళ్లండి. ఫారం ఇద్దరికీ ఒకలాంటిదే, ప్రైవసీ రిలీజ్, అంటే మీ కేసు వివరాలు వాళ్లకి చెప్పొచ్చని ఇచ్చే అనుమతి. కేసు ఎవరిదో వాళ్లే సంతకం పెట్టాలి. మా ఆవిడ కేసుకి నేను పెట్టేశాను, వెనక్కొచ్చింది! పైగా 13 అక్షరాల రసీదు నంబర్‌లో సున్నా బదులు ఇంగ్లిష్ 'ఓ' కొట్టాను.

టెన్షన్‌లో ఇద్దరికీ ఒకేసారి పంపకండి, ఒకే కేసు మీద రెండు ఎంక్వయిరీలంటే గందరగోళమే. ఎవరు అడిగినా యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే ఇమిగ్రేషన్ శాఖ) నుంచి స్టేటస్ వస్తుంది, ఆలస్యం ఎందుకో తెలియొచ్చు. అప్రూవ్ చేయమని ఆర్డర్ వేసే అధికారం మాత్రం ఇద్దరికీ లేదు.