బెల్లం యార్డు, మాడుగుల హల్వా, ఏటికొప్పాక బొమ్మలు: మా రెండు రోజుల తిరుగుడు

వైజాగ్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను గానీ నాకు అనకాపల్లి అంటే హైవే మీద టీకి ఆగే ఊరే. సంక్రాంతి తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ "ఆర్కే బీచ్, కైలాసగిరి అనకు రా బాబూ, ఎన్నిసార్లని చూస్తాం" అనేసరికి కారు ఇటు తిప్పాం.

మొదటి రోజు చోడవరం మీదుగా మాడుగుల. అక్కడ చూడ్డానికంటూ పెద్దగా ఏమీ లేదు, హల్వా కోసమే వెళ్లాలి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, ఆ పాలు తీసి పులియనిచ్చి, నెయ్యితో గంటలు గంటలు కలుపుతారు. వందేళ్లు దాటిన వ్యాపారం. వేడిగా పెట్టిన ముక్క నోట్లో వేసుకుంటే అద్భుతం, ఇంటికి తెచ్చిన డబ్బా మాత్రం అంత రుచిగా అనిపించలేదు. నెయ్యి పడనివాళ్లు పావుకిలోతో ఆగండి.

రాత్రికి అనకాపల్లిలో దిగాం. లాడ్జి పేరు చెప్పను. ఫోన్‌లో ఏసీ రూమ్ అన్నారు, తీరా వెళ్లాక రిమోట్ అడిగితే పక్క రూమ్ వాళ్ల దగ్గర ఉందన్నారు, వాళ్లేమో పదిన్నరకే నిద్రపోయారు! వైజాగ్ వాళ్లు అసలు రాత్రి అక్కడ ఉండక్కర్లేదు, పొద్దున ఐదున్నరకి బయల్దేరితే చాలు.

ఎందుకంటే అనకాపల్లి బెల్లం మార్కెట్ యార్డు చూడాల్సింది పొద్దున్నే. షెడ్డుల కింద వరసగా బెల్లం దిమ్మలు, ఒక కుప్ప బంగారు రంగు, ఇంకోటి ఎరుపు, ఆ చివర నల్లగా. వర్తకుడు దిమ్మ అంచు గిల్లి నాలుక మీద వేసుకుని, ఏమీ మాట్లాడకుండా పక్క కుప్పకి వెళ్లిపోయాడు, ఆ రైతు ముఖం చూడాలి. తూకం వేసేవాళ్లని ఇక్కడ కొలగార్లంటారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన "మా చిన్నప్పుడు బళ్లు రోడ్డు దాకా నిలబడేవి బాబూ, ఇప్పుడు చెరకెవరు వేస్తున్నారు" అన్నాడు. ఇదే ఊళ్లో 1913 నుంచి చెరకు మీద పరిశోధనా కేంద్రం ఉంది, 2022లో ఊరు జిల్లా కేంద్రం కూడా అయింది, చెరకు మాత్రం తగ్గుతోంది. అన్నట్టు, మరీ తెల్లగా మెరిసే బెల్లం కొనకండి, ఆ మెరుపు హైడ్రోస్‌ది, అంటే రంగు తేలడానికి కలిపే రసాయనానిది.

అక్కణ్ణుంచి హైవే మీది అడ్డరోడ్డు అనే ఊరు, అక్కడ లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. 1933లోనే రైతులు సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరిది. జనం వచ్చేది మాత్రం బొమ్మలకి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కతో చెక్కేది, ఇక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ చేస్తారు. ఒక ఇంటి వసారాలో కూర్చుని అరగంట చూశాం. కర్ర గిర్రున తిరుగుతుంటే ఆయన పసుపురంగు లక్క కడ్డీ అలా ఆనించాడు, రాపిడి వేడికే లక్క కరిగి చుట్టూ సన్నటి గీతలా పరుచుకుంది, పైన మొగలి ఆకు పెట్టి రుద్దితే అద్దంలా తేలింది. బ్రష్ లేదు, పెయింట్ డబ్బా లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటివాటితో రంగులు. ఈ సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద కూడా ఇవే.

ఇంత పేరున్నా ఊళ్లో కూర్చుని తినడానికి మాకు ఒక్క మంచి హోటల్ కనపడలేదు, భోజనం అడ్డరోడ్డులో చేసుకునే వెళ్లండి. ఫోన్‌పే ఉంది గానీ సిగ్నల్ ఆడుకుంటుంది, కాస్త క్యాష్ ఉంచుకోండి. బేరం చేద్దామని బావ నోరు తెరిచాడు, నేను కాలు తొక్కాను. కళ్లముందే అరగంట కష్టపడి చేసిన బొంగరం అది, నూట యాభై.

మళ్లీ వెళ్లాలంటే లాడ్జి, మాడుగుల రెండూ మానేసి, తెల్లారి యార్డు చూసుకుని మిగతా పూటంతా ఏటికొప్పాకలోనే ఉంటాను. బావ మాత్రం హల్వా కోసం ఇంకోసారి వస్తానంటున్నాడు.