అద్దెకు వచ్చిన విత్తన పొట్టేలు: నెల రోజుల గడువు చాలదు

మా ప్రాంతంలో నెల్లూరు జాతి గొర్రెలను పెంచే ఒక పెంపకదారు విత్తన పొట్టేళ్లను నెల లెక్కన అద్దెకు ఇస్తున్నారు. ఈ ఏడు తొలకరికి ముందు వారి దగ్గర నుంచి ఆ జాతిలోనే ఒక రకమైన జోడిపి పొట్టేలును మా మందకు తెచ్చుకున్నాము. ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి ఉంచితే దాని కూతుళ్లనే అది దాటి, పుట్టే పిల్లలు బలహీనపడతాయన్నది కాపరులందరికీ తెలిసిన సంగతే. అంతకంటే విలువైన ప్రయోజనం మరొకటి ఉంది. ఈ సేవకు పెట్టిన డబ్బు ప్రధానంగా దానికే చెల్లుతుంది.

రాత్రింబవళ్లు ఒకే పొట్టేలుతో తిరిగే గొర్రెలు దాని వాసనకు అలవాటు పడిపోతాయి. ఆ పొట్టేలును నెల రోజులపాటు దూరంగా ఉంచి, ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని పొట్టేలును మందలోకి వదిలితే, అప్పటిదాకా ఎదకు రాకుండా ఉన్న గొర్రెల రక్తంలో ఎల్‌హెచ్ అనే, అండం విడుదల చేయించే హార్మోను నిమిషాల్లోనే ఉరకలు వేయడం మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్, ఆయన సహచరులు 1944లోనే ఈ విషయాన్ని నమోదు చేశారు. మేకల్లో ఈ పని చేసే వాసనల్లో 4-ఇథైలాక్టనాల్ ఒకటని, అది మేకపోతు తల మీది వెంట్రుకల నుంచి వెలువడుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2014లో తేల్చారు. మగతోడు లేని కాలంలో ఒంట్లోని శక్తిని దాచుకుని, తోడు దొరికిన వెంటనే దాన్ని సంతానానికి ఖర్చు చేయడం ఆడ గొర్రె పద్ధతి అనుకోవచ్చు. చుంచెలుకలో ఇది తలకిందులుగా ఉంటుంది: అప్పుడే జతకట్టిన ఆడదానికి పరాయి మగ ఎలుక వాసన తగిలితే పిండం గర్భాశయానికి అంటుకోకుండానే పోతుందని లండన్‌లో హిల్డా బ్రూస్ 1959లో చూపించారు. పరాయి మగ ఎలుక పిల్లలను చంపే ప్రమాదం ఉన్నందున, తల్లి ముందే నష్టాన్ని తగ్గించుకుంటుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. పొట్టేలు వల్ల పిల్లలకు అలాంటి ముప్పు ఉండదు కనుక గొర్రె దాన్ని ఆహ్వానిస్తుంది కాబోలు.

ఈ పెంపకదారుకు ఆ సంగతి బాగా తెలుసు. బుకింగ్ సమయంలోనే, మా పాత పొట్టేలును చూపుకూ, అరుపుకూ, వాసనకూ అందనంత దూరంలో కట్టమని గట్టిగా చెప్పారు. పీపీఆర్ (పారుడు రోగం), చిటుక రోగం, బొబ్బ రోగం టీకాల కాగితాలు, గొర్రెలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి లేదన్న పరీక్ష ఫలితం జంతువుతో పాటే ఇచ్చారు. ముఖ్యంగా, వృషణాలను చేత్తో తడిమి గడ్డలు లేవని మా ఎదుటే చూపించారు. ఇది చాలామంది అమ్మకందారులు చేయని పని. పొట్టేలు రొమ్ముకు జాజును నూనెలో కలిపి పూయడం కూడా వారే నేర్పారు. దాటిన గొర్రె తుంటి మీద ఎర్రటి మరక పడుతుంది కాబట్టి, ఏది ఎప్పుడు కట్టిందో పుస్తకంలో రాసుకోవచ్చు.

నా అభ్యంతరమల్లా ముప్పై రోజుల గడువు మీదే. కొత్త పొట్టేలు రాకతో విడుదలయ్యే మొదటి అండంతో పాటు గొర్రె ఎద లక్షణాలు చూపదు, పొట్టేలును దగ్గరికి రానివ్వదు. కొన్నిటిలో ఆ చక్రం ఐదారు రోజుల్లోనే ముగిసి, మళ్లీ అలాంటి మూగ ఎదే వస్తుంది. ఆ తర్వాతే పదిహేడు రోజుల మామూలు చక్రం నడుస్తుంది. అందువల్ల అసలైన ఎదలు పద్దెనిమిదో రోజు, ఇరవై నాలుగో రోజు చుట్టుపక్కల గుంపుగా వస్తాయి. మా మందలోనూ మొదటి రెండు వారాలు దాదాపు మరకలే లేవు, మూడు నాలుగు వారాల్లో మాత్రం ముమ్మరంగా పడ్డాయి. అప్పుడు చూడి కట్టనివి మళ్లీ ఎదకు రావడానికి ఇంకో పదిహేడు రోజులు కావాలి. ఆ లెక్కన నలభై ఐదు రోజుల గడువు ఇవ్వాలి. పొడిగించమని అడిగితే రోజువారీ ధర రెట్టింపు చేయడం న్యాయంగా లేదు.

ఒక పొట్టేలు యాభై గొర్రెలకు సరిపోతుందని వారు చెప్పే మాట కూడా నమ్మదగింది కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం పంచిన యూనిట్‌లో ఇరవై గొర్రెలకు ఒక పొట్టేలు ఉండేది. ఎదలన్నీ ఒకేసారి గుంపుగా వచ్చే ఈ పద్ధతిలో పాతిక దాటితే పొట్టేలు అలసిపోతుంది.

బక్కచిక్కిన గొర్రెలు, ఈని ఎక్కువ రోజులు కానివి పెద్దగా స్పందించలేదు. ఆ లోపం పొట్టేలుది కాదు, మేపుది. మూడు వారాల ముందు నుంచి దాణా పెట్టిన వాటిలో మరకలు ఎక్కువగా కనిపించాయి. ఐదు నెలలకు ఈనే వరస దగ్గర దగ్గరగా వచ్చింది. పిల్లలన్నీ ఒకే ఈడువి కావడంతో టీకాలు ఒకేసారి వేయించాము, అమ్మకానికి కూడా ఒకే జట్టుగా తయారవుతున్నాయి.

పాతిక గొర్రెల లోపు మంద ఉండి, పాత పొట్టేలును నిజంగా దూరంగా కట్టగలిగిన వారికి ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే గడువు గురించి ముందే రాయించుకోవాలి. మేము వచ్చే ఏటికి ఇదే పొట్టేలును కాకుండా, దీనితో రక్తసంబంధం లేని మరొకదాన్ని ఇవ్వాలని ఇప్పుడే అడిగి పెట్టాము. దీనికి పుట్టిన ఆడపిల్లల్లో కొన్ని అప్పటికి మందలో ఎదకు వచ్చే అవకాశం ఉంది.