గవ్వల నడికట్టు తెచ్చుకున్న దసరా

నాకు పెద్ద పెద్ద నగలంటే ప్రాణం. బంగారం సంగతి కాదు. భుజం తాకే జుంకీలు, మోచేతి దాకా గాజులు, గవ్వలు కుట్టిన సంచి, అద్దాలు మెరిసే నడికట్టు, ఇలాంటివి. వానలు తగ్గి గట్ల మీద తంగేడు పూసే వేళకి నేను అల్మారా తెరిచి ఏ చీర మీదికి ఏది అని పేర్చుకుంటూ కూర్చుంటాను. ఏడాదిలో నాకు ఇంత సంతోషమిచ్చే పని ఇంకోటి లేదు. ఈ దసరా సెలవులకి మా వదినెను వెంటేసుకుని నల్లగొండ నుంచి బయలుదేరాను. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే తిరగాలి, పెట్టుకునేవన్నీ చేసేవాళ్ళ దగ్గరే కొనాలి అనుకున్నాం. వదినెకు సన్న గొలుసు, చిన్న కమ్మలు తప్ప ఏవీ నచ్చవు. అందుకే ఆమె మాట నాకు మంచి తూకంగా పనికొచ్చింది.

బస్సుల గురించి ముందే చెప్తాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మా ప్రయాణంలో ఎక్కువ భాగం అలాగే గడిచింది. ఆ మిగిలిన డబ్బే తరువాత నడికట్టు అయింది. కాకపోతే పండుగ రోజుల్లో నిలబడటానికే చోటుండదు. జుంకీలు, పూసల దండలు స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో వేసుకున్న నా ఒక జత చౌటుప్పల్ చేరేలోపే వంగిపోయింది.

మొదట పుట్టపాక వెళ్ళాం. సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంటుంది, చౌటుప్పల్ నుంచి ఆటోలో పోవచ్చు. తేలియా రుమాలు కోసం వెళ్ళాను. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది దీనికే. పేరులోనే నూనె ఉంది. ఆముదం కాయల బూడిద నీళ్ళలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టాకే రంగు పని మొదలవుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, పాత పద్ధతిలో అవి మూడే రంగులు. పడుగుకీ పేకకీ రెండింటికీ ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, మగ్గం మీద ఆ రెండూ కలిసినచోట పువ్వు తేలాలి. మేము వెళ్ళిన ఇంట్లో ఒకాయన సైకిల్ ట్యూబు ముక్కలతో దారాలకు ముడులు వేస్తున్నాడు. వదినె రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని "వాసన వస్తుంది కదన్నా, పోతదా?" అని అడిగింది. "వాసన లేకుంటే తేలియా ఎట్లయితది అక్కా?" అన్నాడు.

ఆ మాటతో నాకు పోయినేటి సంగతి గుర్తొచ్చింది. హైవే పక్కన ఒక పెద్ద షోరూములో 'తేలియా చున్నీ' అని 1,200 పెట్టి కొన్నాను. మొదటి ఉతుకుకే ఎరుపంతా బకెట్లో ఉంది. అది అచ్చు వేసిన బట్ట అని అప్పుడు తెలిసింది. ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను, డబ్బు పోయినందుకు కాదు, బతుకమ్మ నాడు కట్టుకుందామని దాచుకున్నందుకు. మీరు కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. నేసినదైతే వెనక వైపు కూడా ముందులాగే ఉంటుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అంచు కత్తితో కోసినట్టు ఉండి వెనక వెలిసినట్టుంటే అచ్చు అని అనుమానించండి. ఈసారి నూలు తేలియా ఒకటి 3,500కి తీసుకున్నాను. దాన్ని కండువాలాగా ఎడమ భుజం మీద వేసుకుంటాను. దాని కింద ఏ రంగైనా ఒక్కటే ఉండాలి, అప్పుడే ఆ ఎరుపు పలుకుతుంది.

అక్కడి నుంచి పోచంపల్లి. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిన ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచిన ఊరు. దుకాణాల వరుస చూస్తే కళ్ళు చెదురుతాయి. ఇక్కత్ బట్ట చుట్టిన గాజులు, గుండీల కమ్మలు, బటువులు అన్నీ ఉన్నాయి. కానీ నాలుగైదు దుకాణాల్లో అవే నమూనాలు కనిపించాయి, బట్ట గాజుల జిగురు కొన్నింటికి అప్పుడే ఊడుతోంది. బటువు మాత్రం బాగుంది, ఒకటి కొన్నాను. కొనడానికైతే పోచంపల్లి, కూర్చుని పని చూడటానికైతే పుట్టపాక. నాకైతే రెండోదే నచ్చింది. పోచంపల్లిలోనే ఆసు యంత్రం కూడా చూశాం. ఆసు అంటే రంగు అద్దకముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టే పని. ఆడవాళ్ళు ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి ఆసు పోసేవాళ్ళు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం వాళ్ళ అమ్మ పడే నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కత్ చీర కట్టిన ప్రతిసారీ నా భుజం మీద నాకు ఆ తల్లుల భుజాలు గుర్తొస్తాయి.

రాత్రికి ఇంటికొచ్చి మర్నాడు దేవరకొండ దారి పట్టాం. నాతో పనిచేసే ఒకామె పుట్టిల్లు అక్కడి ఒక లంబాడా తండా. వాళ్ళ అమ్మమ్మ కోసమే ఈ ప్రయాణమంతా అని చెప్పినా తప్పులేదు. ఆమెకు ఎనభై దాటి ఉంటాయి. పేటియా అనే లంగా, కాంచళి అనే రవిక, తల మీద టుక్రి అనే ఓణీ, మోచేయి పైదాకా బలియాలనే తెల్లని గాజులు, చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి గంటలు, మెడలో పాత రూపాయి బిళ్ళల దండ. పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి గడపలో కూర్చుంది. పండుగ కాదు, పెళ్ళి కాదు, రోజూ అదే ఆమె వేషం. ఇరవై ఏళ్ళుగా నేను పెద్ద నగలు పెట్టుకుంటున్నా, 'ఎవరేమనుకుంటారో' అని ఇంటి గుమ్మం దగ్గర ఒకసారి ఆగుతాను. ఆమె ఒంటి మీద అంత బరువున్నా ఆ ఆగడం లేదు.

నా చెవులకు అప్పుడు ఆన్‌లైన్లో 'ట్రైబల్' అని కొన్న జర్మన్ సిల్వర్ గంటలు ఉన్నాయి. అవ్వ వాటిని పట్టుకుని చూసి నవ్వింది. నేను ఆమె చెంప దగ్గరి గంటలు చూపించి "అవ్వా, ఇట్లాంటివి నేను చేయించుకోవచ్చునా?" అన్నాను.

"ఇది ఘుగ్రి బిడ్డా. మీ పుస్తె లెక్క మాకు ఇది. ఊకే పెట్టుకునేది కాదు" అంది. కొంచెం ఆగి, "నడుముకు కట్టుకో, సంచి వేసుకో, గవ్వలు ఎన్నన్నా పెట్టుకో. దానికి ఎవ్వరూ ఏమనరు" అంది.

నాకు చాలా సిగ్గుగా అనిపించింది, అంతకంటే ఎక్కువ నెమ్మది అనిపించింది. ఇన్నేళ్ళు సైజు చూసి, మెరుపు చూసి కొన్నాను, ఆ వస్తువు ఏం చెబుతుందో ఒక్కసారి కూడా అడగలేదు. చెవి గంటలు అక్కడే తీసి డబ్బాలో వేశాను. అవ్వ కోడలు నాకోసం నడికట్టు కుట్టి ఉంచింది. ఎర్రటి మందపు బట్ట మీద మూడు వరసల గవ్వలు, మధ్యలో అద్దాలు, కొసలకు ఊలు కుచ్చులు. మూడు వారాల పని. 1,800 అడిగింది, బేరం ఆడలేదు. ఆన్‌లైన్లో 600కి దొరికేదానిలో గవ్వలు జిగురుతో అంటించి ఉంటాయి. దీనిలో ఒక్కో గవ్వ చుట్టూ నాలుగేసి కుట్లు ఉన్నాయి, లెక్కపెట్టాను.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి చీకటి పడింది. బస్టాండు దగ్గర దిగిన లాడ్జి పేరు చెప్పను. 1,100 తీసుకున్నారు. గది శుభ్రంగానే ఉంది, వేడి నీళ్ళు కూడా వచ్చాయి. అద్దం మాత్రం బాత్రూములో అరచేయంత, పైన మసక బల్బు. ముస్తాబయ్యే మనిషికి గదిలో అద్దం, వెలుతురు, చీర తగిలించే కొక్కెం, ఈ మూడే ముఖ్యం. ఇప్పుడు నేను ఎక్కడ దిగినా డబ్బు కట్టే ముందే గది చూపించమంటాను. పొద్దున్నే పిల్లలమర్రి చూశాం. ఊడలకు ఊతాలు పెట్టి, చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు. ఎండ జల్లెడ పట్టినట్టు దిగే ఆ నీడలో నా తేలియా ఎరుపు ఎంత బాగుందో వదినె ఫోటోలు తీసేదాకా నాకు తెలియలేదు.

గద్వాలకు రైల్లో వెళ్ళాం, కృష్ణ దాటుతుంది రైలు. రెండు నదుల మధ్య నడిగడ్డ అది. లాడ్జి పాతదే, 900, కానీ గదిలో నిలువెత్తు బీరువా అద్దం, కింద ఇస్త్రీ బండి. ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన బస ఇదే. కోటలోని చెన్నకేశవస్వామి గుడి చూసి మగ్గాల ఇళ్ళకు వెళ్ళాం. నూలు ఒళ్ళు, పట్టు అంచు, రెండూ మగ్గం మీదే కలిపి నేసే చీర ఇది. తిరుమల బ్రహ్మోత్సవాల ముందు స్వామికి ఏటా పంపే జోడు పంచెలు నేసేది కూడా ఈ ఊరి నేతగాళ్ళే. నా గవ్వల నడికట్టు కట్టడానికి ఒంట్లో పువ్వులు లేని బూడిదరంగు చీర, వంకాయరంగు అంచుతో ఒకటి తీసుకున్నాను. నగ గట్టిగా మాట్లాడేటప్పుడు చీర ఊరుకోవాలి. మధ్యాహ్నం జూరాల దగ్గర వేయించిన చేపలు తిన్నాం, వెళితే వదలకండి. గాజులు మాత్రం ముందే తీసేయండి, కారం సందుల్లోకి పోతుంది.

జర్మన్ సిల్వర్ గురించి ఒక మాట. దానిలో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. దసరా ఉక్కపోతలో నా మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. అది నికెల్ పడని వాళ్ళకు వస్తుంది. అలాంటివాళ్ళు గవ్వలు, దారం, చెక్క, అసలు వెండి వైపు వెళ్ళండి. బరువు జుంకీలకు చెంపస్వరాలు తగిలించి జుట్టులోకి గుచ్చుకోండి, చెవి రంధ్రం సాగదు. మా అమ్మమ్మలు ఇదంతా ఎప్పుడో ఆలోచించి పెట్టారు.

సద్దుల బతుకమ్మ నాడు నల్లగొండలో ఆ చీర, ఆ నడికట్టుతో ఆడాను. గునుగు, బంతి, తంగేడు పేర్చిన బతుకమ్మల మధ్య ఎంత రంగైనా కలిసిపోతుంది. చప్పట్లు కొడుతూ ముందుకి వంగిన ప్రతిసారీ గవ్వలు గలగలమన్నాయి. మా వాడలో నలుగురు పిల్లలు ఎక్కడ కొన్నారు ఆంటీ అని అడిగారు, తండా కోడలి ఫోన్ నంబర్ ఆమెను అడిగే ఇచ్చాను.

దీపావళి దాటాక కార్తీకంలో మళ్ళీ మహబూబ్‌నగర్ వైపు, కురుమూర్తి స్వామి జాతరకు వెళ్ళాం, ఈసారి వదినే పిలిచింది. స్వామికి వడ్డెమాన్‌లో చర్మకారుల కుటుంబాలు నియమంతో కుట్టే ఉద్దాలు, పెద్ద పెద్ద పాదరక్షలు, ఊరేగింపుగా వస్తాయి. వాటిని తలకు ఆనించుకోవడానికి జనం తోసుకుంటారు. జాతర దుకాణాల్లో అన్నీ దొరుకుతాయి, లైట్లు వెలిగే హెయిర్‌బ్యాండ్ల నుంచి రాళ్ళ వడ్డాణాల దాకా. ఎక్కువ రోజులు నిలవవు, కానీ ఆ సాయంత్రానికి బాగుంటాయి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు ఉంటాయి, ఉద్దాల రోజు మాత్రం తిరుగు బస్సుకు రెండు గంటలు ఆగాం. తాగడానికి నీళ్ళు మనవి మనం తీసుకెళ్ళడం మేలు.

వదినె ఒక దుకాణం ముందు చాలాసేపు నిలబడింది. అరవై రూపాయలు పెట్టి కోడిగుడ్డంత ఎర్రరాయి ఉంగరం కొనుక్కుని, వేలికి పెట్టుకుని, ఇంటికి వచ్చేదాకా తియ్యలేదు. నా నడికట్టులో రెండు గవ్వలు ఆ తోపులాటలో ఊడిపోయాయి. అవ్వకు ఫోన్ చేస్తే, శ్రావణంలో తీజ్‌కు గోధుమ మొలకల బుట్టలు పెట్టేటప్పుడు రమ్మంది, అప్పుడు కుట్టిస్తానంది. వదినె కూడా వస్తానంది.